పౌర్ణమి నుంచి అష్టమి దాకా

విజయవాడ నుంచి సముద్రం చూడటానికి వెళ్లే కుటుంబాలు సాధారణంగా ఒక్క పూటలో పని ముగించుకొస్తాయి. తెల్లవారకముందే రైలెక్కి, తెనాలి, నిడుబ్రోలు దాటి బాపట్లలో దిగి, ఆటోలో తొమ్మిది కిలోమీటర్లు పోతే సూర్యలంక. పిల్లలు రెండు గంటలు అలల్లో గెంతుతారు. పెద్దవాళ్లు మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఫొటోలు దిగుతారు. ఇసుక కాలడం మొదలయ్యేసరికి అందరూ తిరుగుముఖం పడతారు. బందరు దగ్గర మంగినపూడికి వెళ్లినా, దివిసీమ చివరన ఉన్న హంసలదీవికి వెళ్లినా తంతు ఇదే. ఆ కాసేపట్లో కళ్లకు కనిపించేది నీళ్లే. సముద్రం చేసే పని కనబడాలంటే ఏడు రోజులైనా అక్కడ ఉండాలి.

ఏడు అన్న అంకెకు ఒక కారణం ఉంది. చంద్రుడు పౌర్ణమి నుంచి అష్టమికి రావడానికి దాదాపు ఏడున్నర రోజులు పడుతుంది. ఆ వ్యవధిలో సముద్రపు పోటు తన అత్యధిక స్థాయి నుంచి అత్యల్ప స్థాయికి దిగివస్తుంది. అంతకన్నా తక్కువ రోజులుంటే సగం కథే తెలుస్తుంది. అందుకే ఈ అధ్యాయంలో మీకొక ప్రయాణం సూచిస్తున్నాను. వేసవి సెలవుల్లో వైశాఖ పౌర్ణమి నాటికి సూర్యలంక చేరండి. ఒడ్డు వెనుక సరుగుడు తోపుల్లో, తోట యజమానినీ పంచాయతీనీ అడిగి, గుడారం వేసుకోండి. అష్టమి దాకా అక్కడే ఉండండి. ఒక నోటు పుస్తకం, కొలత టేపు, గడియారం, ఒక అయస్కాంతం వెంట తీసుకెళ్లండి. ప్రయోగశాలకు కావలసిన సామగ్రి అంతే.

గుడారం ఎక్కడ?

దిగగానే వచ్చే మొదటి ప్రశ్న ఇది, దీనికి జవాబు ఆకాశంలో ఉంది. ఒడ్డున నడుస్తూ పోతే ఎండిన నాచు, గవ్వలు, పుల్లలు, థర్మోకోల్ ముక్కలు వరుసగా పేరుకున్న గీత కనిపిస్తుంది. అది నిన్నటి పోటు ఎక్కడిదాకా ఎక్కిందో చెప్పే గుర్తు. అష్టమి నాడు వచ్చి ఆ గీతకు పది అడుగుల పైన గుడారం వేసుకున్నవాళ్లు మోసపోతారు, ఎందుకంటే అక్కడి నుంచి ప్రతి పోటూ ముందటి పోటు కన్నా పైకి ఎక్కుతూ పోతుంది. పౌర్ణమి నాడు వచ్చినవాళ్లకు ఆ భయం తక్కువ. వాళ్లు చూసే గీత ఆ పక్షంలో అన్నింటికన్నా పైన ఉండే గీతకు చాలా దగ్గరగా ఉంటుంది. నీటి రాపిడి వల్ల, సముద్రపు అడుగు ఆకృతి వల్ల పెద్ద పోటు పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు వస్తుంది కాబట్టి ఇంకాస్త పైకి జరిగి ఉండటం మంచిది. తీరప్రాంత నియంత్రణ మండలి నిబంధనలు 1991లో వచ్చినప్పుడు తీరాన్ని కొలవడానికి ప్రామాణికంగా పెట్టుకున్నది కూడా ఇటువంటి పెద్ద పోటు గీతనే. అక్కడి నుంచి లోపలికి 500 మీటర్లు లెక్కకట్టారు.

పోటు ఎందుకు వస్తుంది? చంద్రుడికి ఎదురుగా ఉన్న నీటిని చంద్రుడు కాస్త గట్టిగా లాగుతాడు. భూమికి అవతలి వైపున్న నీటి మీద ఆ లాగుడు కాస్త తక్కువ. ఈ తేడా వల్ల ఇటూ అటూ రెండుచోట్ల నీరు ఉబ్బుతుంది. భూమి తన చుట్టూ తాను తిరుగుతూ మన తీరాన్ని ఆ రెండు ఉబ్బుల గుండా తీసుకుపోతుంది, అందుకే రోజుకు రెండు పోట్లు. ఈలోగా చంద్రుడు కూడా కొంచెం ముందుకు జరుగుతాడు కాబట్టి మర్నాటి పోటు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. సూర్యుడూ లాగుతాడు, కానీ దూరం వల్ల ఆయన ప్రభావం చంద్రుడి ప్రభావంలో సగానికి కూడా రాదు, 46 శాతం దగ్గర ఆగిపోతుంది. అమావాస్యకూ పౌర్ణమికీ ఇద్దరూ ఒకే వరుసలో నిలిచి కలిసి లాగుతారు. అష్టమి నాడు ఒకరికొకరు లంబకోణంలో ఉంటారు కనుక ఒకరి పనిని ఇంకొకరు తగ్గిస్తారు.

మన ఇళ్లలో గోడకు వేలాడే పంచాంగం ఇక్కడ ఎంతో పనికొస్తుంది. సూర్యచంద్రుల మధ్య కోణం 12 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఒక తిథి మారుతుంది. పోటు బలాన్ని నిర్ణయించేదీ ఆ కోణమే. ఒడ్డునున్న పల్లెల్లో జాలర్లు తిథి అడిగి వల సంగతి ఆలోచించడం వెనక తరతరాల పరిశీలన ఉంది.

కృష్ణా తీరంలో పోటుకూ పాటుకూ మధ్య ఎత్తు తేడా గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలో లాగా తాటిచెట్టంత ఉండదు. పౌర్ణమి రోజుల్లో మీటరు నుంచి మీటరున్నర, అష్టమి నాటికి అందులో సగం కన్నా తక్కువ. అయినా సూర్యలంక ఇసుక తిన్నె వాలు చాలా తక్కువ కాబట్టి నిలువున మీటరు తేడా నేల మీద చాలా మీటర్ల తేడాగా కనిపిస్తుంది. పిల్లల చేత ప్రతి పోటు గీత దగ్గరా ఒక పుల్ల పాతించండి. వారం చివరికి ఆ పుల్లలు ఒకదాని కింద ఒకటి సముద్రం వైపు దిగుతూ వరుసగా నిలుస్తాయి. ఇంకో సంగతి కూడా వాళ్లే కనిపెడతారు. రోజుకు 50 నిమిషాల చొప్పున ఏడు రోజులకు దాదాపు ఆరు గంటలు జరిగినట్టే. అంటే మొదటి రోజు ఏ గంటకు పోటు చూశారో, చివరి రోజు ఆ గంటకు పాటు కనిపిస్తుంది. పాఠ్యపుస్తకంలో రెండు వాక్యాల్లో చెప్పి వదిలేసే విషయం ఇలా పుల్లలు పాతుతూ తెలుసుకుంటే మరపుకు రాదు.

వారం కిందట బయల్దేరిన అల

పొద్దున్నే, గాలి ఇంకా లేవకముందు, ఒడ్డున కూర్చుని ఒక అల విరిగిన క్షణం నుంచి తరువాతి అల విరిగేదాకా సెకన్లు లెక్కపెట్టండి. ఒకటి రెండు చూసి వదిలేయకుండా ఇరవై అలల సగటు తీయండి. వేసవిలో చాలా ఉదయాలు ఆ సగటు పది సెకన్లు దాటుతుంది. సాయంత్రం ఇదే లెక్క మళ్లీ వేస్తే నాలుగు నుంచి ఆరు సెకన్లే రావచ్చు. సాయంత్రపు చిన్న అలలు ఆ మధ్యాహ్నం వీచిన గాలి పుట్టించినవి. పొద్దుటి నిడుపాటి అలలది వేరే పుట్టుక.

భూమధ్యరేఖకు దక్షిణాన, 40వ అక్షాంశం దాటాక, అడ్డం వచ్చే భూభాగం దాదాపు లేని మహాసముద్రంలో ఏడాది పొడవునా తుఫాను గాలులు వీస్తుంటాయి. అక్కడ లేచిన అలల్లో పొట్టివి దారిలో నశిస్తాయి, పొడవైనవి వేల కిలోమీటర్లు నడుస్తాయి. రెండు శిఖరాల మధ్య 14 సెకన్ల వ్యవధి ఉన్న అలల గుంపు లోతు సముద్రంలో రోజుకు దాదాపు 940 కిలోమీటర్లు వస్తుంది. దక్షిణ 40వ అక్షాంశం నుంచి మన తీరానికి ఆరువేల కిలోమీటర్ల పైమాటే. అంటే ఆరేడు రోజుల ప్రయాణం. ఇంట్లో మీరు సామాను సర్దుకుంటున్న రోజున అక్కడ బయల్దేరిన అల శ్రీలంకకు తూర్పుగా దాటి, బంగాళాఖాతంలోకి మళ్లి, మీ పాదాల దగ్గర విరుగుతోందన్నమాట. ఇటువంటి దూరపు అలలు ఒక్కోసారి ఇక్కడ గాలీ వానా లేకుండానే తీరాన్ని ముంచుతాయి. హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, అంటే ఇన్‌కాయిస్, 1999 నుంచి పనిచేస్తోంది. ఉవ్వెత్తు అలల హెచ్చరికలు ఇస్తుంది. గుడారం ప్రయాణానికి ముందు ఆ హెచ్చరికలు చూడటం టిక్కెట్టు తీసుకోవడం అంత అవసరం.

మధ్యాహ్నపు గాలి గురించి కూడా చెప్పాలి. బెజవాడ ఎండలో ఉడికినవాళ్లు ‘సముద్రం ఒడ్డున చల్లగా ఉంటుంది’ అన్న నమ్మకంతో వస్తారు. అది సగమే నిజం. ఒకే బరువున్న నీటినీ ఇసుకనూ ఒక డిగ్రీ వేడిచేయాలంటే నీటికి ఇసుకకన్నా నాలుగైదు రెట్లు ఎక్కువ శక్తి కావాలి. పైగా సముద్రంలో వేడి లోతుకు కలిసిపోతుంది, నేలమీద పై పొరలోనే ఉండిపోతుంది. ఉదయం పది పదకొండు గంటలకల్లా నేల మీది గాలి వేడెక్కి పైకి లేస్తే, ఆ చోటు నింపడానికి సముద్రం మీది చల్లటి గాలి లోపలికి వస్తుంది. అది వచ్చిన రోజున ఒడ్డు హాయిగా ఉంటుంది. అయితే మే నెలలో పడమటి నుంచి, తెలంగాణ, రాయలసీమ మెట్టల మీదుగా పొడి వడగాలి కూడా వీస్తుంది. ఈ రెండు గాలులూ ఎదురుబొదురుగా తలపడతాయి. పడమటిగాలి గెలిచిన రోజున సముద్రం పక్కనే ఉన్నా బందరులో, బాపట్లలో 45 డిగ్రీలు దాటిన సందర్భాలున్నాయి. సముద్రపు గాలి గెలిచినా దానితో తేమ వస్తుంది. తేమ ఎక్కువైతే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. థర్మామీటరు 36 చూపిస్తున్నా ఒంటికి మరింత వేడిగా ఉన్నట్టే లెక్క. పదకొండు నుంచి నాలుగు దాకా పిల్లల్ని సరుగుడు నీడలోనే ఉంచండి. ఉప్పు వేసిన మజ్జిగ, తాటి ముంజలు, ఓఆర్‌ఎస్ నీళ్లు దగ్గర పెట్టుకోండి. ఎండలో గుడారం మూసి లోపల పడుకోవడం ప్రమాదం.

ఇసుకను చదవడం

గుడారం మేకులు పొడి ఇసుకలో నిలవవు. రేణువుకూ రేణువుకూ మధ్య పట్టు లేకపోవడమే కారణం. కాస్త తడి తగిలితే రేణువుల మధ్య నీటి పలుచటి వంతెనలు ఏర్పడి, తలతన్యత వాటిని దగ్గరకు లాగి పట్టుకుంటుంది. ఇసుక గూళ్లు కట్టే పిల్లలకు ఈ సంగతి చేతులతోనే తెలుసు. మేకుకు బదులు గోనెసంచిలో ఇసుక నింపి, తాడు కట్టి, మోకాలి లోతున అడ్డంగా పాతిపెట్టండి. మధ్యాహ్నపు గాలికి గుడారం కదలదు.

అల వెనక్కి తగ్గిన వెంటనే తడి ఇసుక మీద కాలు మోపి చూడండి. పాదం చుట్టూ ఇసుక ఒక్కసారిగా పొడిబారినట్టు తెల్లబడుతుంది. బరువు పడితే నీరు పైకి చిమ్మాలి కదా, ఎండిపోవడమేమిటి? ఇంగ్లండులో ఆస్‌బర్న్ రేనాల్డ్స్ 1885లో దీనికి కారణం వివరించాడు. అలలు దట్టంగా సర్దిన రేణువులు బరువుకు పక్కకు జరగాలంటే ఒకదాని మీదుగా ఒకటి ఎక్కాలి. అలా ఎక్కినప్పుడు వాటి మధ్య ఖాళీలు పెరుగుతాయి, పైనున్న నీరు ఆ ఖాళీల్లోకి ఇంకిపోతుంది. కాసేపాగి చూస్తే చుట్టుపక్కల నుంచి నీరు వచ్చి చేరి మళ్లీ తడి తేలుతుంది. వేలమంది రోజూ తొక్కే ఇసుకలో ఇంత భౌతికశాస్త్రం ఉంది.

తీరం మీద అక్కడక్కడ నల్లటి చారలు కనిపిస్తాయి. మురికి అనుకుని దాటిపోకండి. అయస్కాంతాన్ని పాలిథిన్ సంచిలో పెట్టి ఆ చారమీద తిప్పితే నల్లటి పొడి అంటుకుంటుంది. అది మాగ్నటైట్. అంటుకోకుండా మిగిలిన నలుపులో ఇల్మనైట్, ఎర్రటి పలుకుల్లో గార్నెట్ ఉంటాయి. తెల్ల ఇసుకలో ఎక్కువగా ఉండే క్వార్ట్‌జ్ నీటికన్నా 2.65 రెట్లు బరువు, మాగ్నటైట్ అయిదు రెట్ల పైన. వెనక్కిపోయే అల తేలికైన రేణువుల్ని తీసుకుపోతుంది, బరువైనవి అక్కడే మిగిలి చారగా తేరుకుంటాయి. ఈ రేణువుల్లో చాలా భాగం కృష్ణమ్మ మోసుకొచ్చినవి. మహాబలేశ్వరం దగ్గర పుట్టి 1,400 కిలోమీటర్లు నడిచిన నది దక్కను నల్లరాతినీ, తూర్పు కనుమల రాళ్లనూ అరగదీసి తెచ్చి ఇక్కడ పోసింది.

తెల్లవారుజామున ఒడ్డు నిండా కన్నాలు కనిపిస్తాయి. అవి పీతలవి. నీటి అంచుకు దూరంగా ఉన్న కన్నం సాధారణంగా మరింత లోతుగా ఉంటుంది, ఎందుకంటే పీతకు తడి ఇసుక తగిలేదాకా తవ్వక తప్పదు. దాని మొప్పలు తడిగా ఉంటేనే అది ఊపిరి పీల్చగలదు. పైన ఇసుక కాళ్లు కాలేంత వేడెక్కినా లోపల చల్లగానే ఉంటుంది. దయచేసి కన్నాలు తవ్వి చూడకండి, చీకటి పడేదాకా కదలకుండా కూర్చుంటే అవే బయటికొస్తాయి.

ఉప్పు పక్కనే మంచినీళ్లు

ఈ వారంలో నాకు అన్నింటికన్నా గొప్పగా తోచే విషయం ఇది. బాపట్ల నుంచి సూర్యలంక వైపు వస్తుంటే ఇసుక నేలల్లో వేరుశనగ, కూరగాయల మడులు కనిపిస్తాయి. పక్కనే సముద్రం, కాలువ నీరు అందని ఇసుక. మరి ఈ పచ్చదనం ఎక్కడిది? పొలాల మధ్య గరాటు ఆకారంలో తవ్విన గుంటలే జవాబు. వాటిని ఇక్కడివాళ్లు దొరువులంటారు. గుంటలోకి దిగి, కుండలు ముంచి మొక్కలకు పోసుకోవడం ఈ ప్రాంతపు పాత సేద్యం. ఆ నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పగా ఉండవు.

వానాకాలంలో కురిసిన నీరు ఇసుకలో జల్లెడలా దిగిపోతుంది. కింద ఉప్పునీరు నిండి ఉంటుంది. ఉప్పునీటి సాంద్రత 1.025, వాననీటిది 1. తేడా రెండున్నర శాతమే అయినా నెమ్మదిగా కదిలే భూగర్భంలో అది చాలు. మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ పొరగా నిలుస్తుంది. 1880ల చివర్లో డచ్ ఇంజనీరు బాదోన్ గైబెన్, 1901లో జర్మనీకి చెందిన హెర్జ్‌బెర్గ్ విడివిడిగా దీని లెక్క తేల్చారు. సముద్రమట్టానికి పైన ఒక మీటరు మంచినీరు నిలిచి ఉంటే, దానికింద దాదాపు 40 మీటర్ల మంచినీరు ఉండగలదు. ఈ లెక్కను తిప్పి చదివితేనే అసలు ప్రమాదం అర్థమవుతుంది. పైన నీటిమట్టం ఒక్క అడుగు తగ్గితే, కింద ఉప్పునీరు 40 అడుగులు పైకి ఎగబాకే వీలుంది. బాపట్ల ఇసుక పలుచన, అడుగున బంకమట్టి ఉంది కనుక ఇక్కడ మంచినీటి పొర మందం కొద్ది మీటర్లే. ఆ పొర మధ్యలోకి లోతైన బోరు దింపి గట్టిగా తోడితే, బోరు కింద ఉప్పునీరు శంకువులా లేచి గొట్టంలోకి వస్తుంది. ఒకసారి ఉప్పెక్కిన బోరు మళ్లీ తీపెక్కడానికి ఎన్నో వానాకాలాలు పడుతుంది.

దొరువు ఈ తప్పు చేయదు. అది పై పొరనే, కొంచెం కొంచెంగా తీసుకుంటుంది. బాపట్లలో ఉప్పునీటి సేద్యం మీద పనిచేసే వ్యవసాయ శాస్త్రవేత్తలు ఈ పాత తెలివినే తీసుకుని మెరుగుపరిచారు. ఇసుకలో కొన్ని మీటర్ల లోతున చిల్లుల గొట్టాలను అడ్డంగా పరిచి, వాటిలో చేరిన నీటిని ఒక బావిలోకి మళ్లించి, అక్కడి నుంచి మోటారుతో తోడతారు. లోతుకు పోకుండా వెడల్పున తీసుకోవడం వల్ల ఉప్పునీరు లేవదు. కుండల చాకిరీ తప్పింది, తుంపర సేద్యానికి వీలైంది. తెలుగునేల మీద రైతు అనుభవం, విశ్వవిద్యాలయ పరిశోధన ఇంత చక్కగా కలిసిన సందర్భాలు తక్కువని నా అభిప్రాయం. ఇటువంటి ఇసుక పక్కన రొయ్యల చెరువులు తవ్వి ఉప్పునీరు నిలబెట్టినప్పుడు ఆ పలుచటి పొర ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

రైతును అడిగి ఒక దొరువు దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్లండి. ఇసుక గోడలు కూలతాయి కాబట్టి అంచు నుంచే చూడాలి. గుడారం దగ్గర మీరు లోతైన గుంటలు తవ్వొద్దు. తాగడానికి క్యాన్ల నీళ్లు తెచ్చుకోండి. రాత్రి ఒక గాజు గ్లాసులో సముద్రపు నీరు పోసి, దానిమీద చెంచా ఆనించి పసుపు కలిపిన మంచినీటిని మెల్లగా జారవిడవండి. మంచినూనె నీటిమీద తేలినట్టే పసుపు నీరు పైన నిలుస్తుంది. మీ పిల్లలు గైబెన్ లెక్క మొత్తాన్ని ఆ గ్లాసులో చూస్తారు.

దీపాలు ఆర్పండి

జనవరి నుంచి ఈ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒక్కో తల్లి ఇసుకలో గుంట తవ్వి వంద దాటి గుడ్లు పెట్టి కప్పేసి సముద్రంలోకి పోతుంది. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలవుతాయి. లోపల ఉండే పిండం ఆడదో మగదో నిర్ణయించేది ఇసుక వేడి. 29 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా సమానంగా పుడతాయి, వేడి పెరిగేకొద్దీ ఆడపిల్లలు ఎక్కువవుతాయి. వేసవి ముదిరాక పొదిగిన గూళ్లలో మగవి అరుదు. అటవీ శాఖ తీరం వెంట సంరక్షణ కేంద్రాలు పెట్టి గుడ్లను కాపాడుతోంది. వైశాఖంలో వెళ్లినవాళ్లకు సీజను చివరి పిల్లలు కనిపించే అవకాశం ఉంది.

రాత్రిపూట గూడు నుంచి బయటికొచ్చిన తాబేలు పిల్ల ఏ దిక్కున వెలుతురు ఎక్కువుంటే అటు పాకుతుంది. మనుషులు లేని తీరంలో ఆ వెలుతురు సముద్రం మీదే ఉంటుంది. మీ గుడారం ముందు ఎల్‌ఈడీ దీపం వెలుగుతుంటే పిల్ల మీవైపు వచ్చేస్తుంది, తెల్లారేసరికి కాకులకో కుక్కలకో దొరుకుతుంది, లేదా ఎండకు చస్తుంది. అందుకే ఒడ్డు వైపు దీపం పెట్టొద్దు, చలిమంట వేయొద్దు. తప్పనిసరైతే ఎర్రటి మసక దీపం వాడండి. పిల్ల కనిపిస్తే చేత్తో ఎత్తి నీళ్లలో వదలొద్దు, దారి ఇచ్చి దూరంగా నిలబడండి. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులికి ఉన్న స్థాయి రక్షణే దీనికీ ఉంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని పెట్టిన నియమం ఇది. అందువల్ల నిజాంపట్నం రేవులో బోట్లు కట్టేసి ఉంటాయి, జాలర్లు వలలు అల్లుకుంటూ తీరిగ్గా దొరుకుతారు. ‘ఏమండీ, ఇక్కడ లాగుడు ఎక్కడుందండీ?’ అని వాళ్లను అడగడం మీ మొదటి రోజు కార్యక్రమం కావాలి.

లాగుడు అంటున్నది రిప్ కరెంటును. అలలు ఒడ్డుకు తోసిన నీరు వెనక్కి పోవాలి. ఇసుక మెట్టల మధ్య ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి అది ఇరుకైన ప్రవాహంగా పరుగెడుతుంది, ఒక్కోసారి సెకనుకు రెండు మీటర్ల వేగంతో. చుట్టూ అలలు విరుగుతుంటే ఆ సందులో మాత్రం నీరు ప్రశాంతంగా కనిపిస్తుంది, కొత్తవాళ్లు అక్కడే దిగుతారు. అందులో చిక్కిన మనిషి ఒడ్డుకు ఎదురీదితే అలసి మునిగిపోతాడు. ఒడ్డుకు సమాంతరంగా, పక్కకు ఈదాలి. ప్రవాహం ఇరుకైనదే కాబట్టి త్వరలోనే బయటపడతాడు. ఈత రాకపోతే వెల్లకిలా తేలి చెయ్యెత్తాలి.

తుఫాన్ల సంగతి తెలిసి ఉండాలి. 1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడిన ఉప్పెన పదివేలమందికి పైగా పొట్టన పెట్టుకుంది. బంగాళాఖాతం ఇక్కడ లోతు తక్కువ. గాలి తోసిన నీరు కిందికి జారిపోయే దారిలేక అయిదు మీటర్లకు పైగా లేచి ఊళ్లమీద పడింది. 1990 మే 9న బలంలో దానికి తీసిపోని తుఫాను కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఈసారి ముందుగా హెచ్చరించి లక్షన్నరమందికి పైగా జనాన్ని తరలించారు. మృతులు వెయ్యికి లోపే. 2010 మే 20న లైలా బాపట్ల దగ్గర తీరం దాటింది. మే నెలలో సముద్రం ఒడ్డున వారం గడపదలచినవాళ్లు వాతావరణ శాఖ మాట వినాలి, అల్పపీడనం అన్న మాట వినబడిన రోజునే గుడారం విప్పి ఇంటికి రావాలి.

కదిలే గీత

సముద్రపు ఒడ్డు ఒకప్పుడు ఇక్కడ ఉండేది కాదు. ఆరువేల ఏళ్ల కిందట తీరం ఇప్పటికన్నా ఎంతో లోపల ఉంది. కృష్ణ తెచ్చిన ఒండ్రుతో నేల సముద్రంలోకి పెరుగుతూ పోయింది, పాత తీరాలు వరుస వరుసలుగా ఇసుక దిబ్బలై మిగిలాయి. బాపట్ల పట్టణం ఉన్నది అటువంటి పాత ఒడ్డు మీదే. రైలు దిగి సూర్యలంక దాకా వచ్చిన ఆటో ప్రయాణంలో మీరు వేల సంవత్సరాల డెల్టా చరిత్రను దాటారు.

ఆ పెరుగుదల ఇప్పుడు తిరగబడింది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. నాగేశ్వరరావు, ఆయన సహచరులు 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం 1966–69 మధ్య కృష్ణ ఏటా సుమారు 90 లక్షల టన్నుల ఒండ్రును డెల్టాకు తెచ్చేది, 2000–2005 నాటికి అది 4 లక్షల టన్నులకు పడిపోయింది. నాగార్జునసాగర్, శ్రీశైలం వంటి జలాశయాల్లో ఒండ్రు ఆగిపోవడమే ఇందుకు కారణం. అలలు మాత్రం ఇసుకను లాక్కుపోవడం ఆపలేదు. కృష్ణా, గోదావరి డెల్టాల 336 కిలోమీటర్ల తీరంలో 1965 నుంచి 2008 దాకా నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేల సముద్రం పాలైంది. కోత అన్నిచోట్లా ఒకేలా లేదు. ఒకచోట కోసిన ఇసుక కొంత ఇంకోచోట మేట వేస్తుంది. మన అన్నం గిన్నె నింపిన ప్రాజెక్టుల్ని నేను తప్పుపట్టడం లేదు. వాటికి డెల్టా చెల్లిస్తున్న ధర ఇదని డెల్టాలో ఉండేవాళ్లందరికీ తెలియాలి.

కాబట్టి వచ్చేముందు ఒక పని చేయండి. కదలని గుర్తొకటి, కరెంటు స్తంభమో, గుడి గోడో, వసతి గృహం మెట్టో ఎంచుకోండి. అక్కడి నుంచి పౌర్ణమి పోటు గీత దాకా టేపుతో కొలిచి, తేదీ, తిథి, కొలత రాసుకోండి. అదే చోట నిలబడి ఒక ఫొటో తీయండి. వచ్చే ఏడాది వైశాఖ పౌర్ణమికి మళ్లీ వెళ్లి, అదే గుర్తు నుంచి మళ్లీ కొలవండి. వానాకాలంలో ఒడ్డు తగ్గి వేసవిలో పెరగడం మామూలే కనుక ఏటా అదే నెలలో, అదే తిథికి కొలవడం ముఖ్యం. అయిదారేళ్ల కొలతలు చేరాక వాటిని మీ పిల్లల బడిలో సైన్సు మాస్టారి చేతికివ్వండి.